కొలత కుదిరితేనే జత
పాత బండి వెనక షాక్ అబ్జార్బర్ల గురించి కొన్ని అనుభవ పాఠాలు

యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. యెజ్డీలు తయారుచేసిన మైసూరు ఐడియల్ జావా కర్మాగారం కూడా ఆ ఏడాదే మూతపడింది. అయినా ఆ బండ్లు మన ఊళ్లలో ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. పాత బుల్లెట్లు, తొలినాటి సీడీ 100లు, స్ప్లెండర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. వీటిని మళ్లీ నిలబెట్టుకునేవాళ్లు ఇంజన్‌కు బోరు చేయిస్తారు, ట్యాంకుకు రంగు కొట్టిస్తారు, హ్యాండిల్‌కు క్రోమ్ పూత వేయిస్తారు. వెనక షాక్ అబ్జార్బర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏదో ఒక జత పడెయ్యన్నా" అంటారు.

ఆ మాట వింటే నాకు మనసు ఒప్పదు. బండి మీద మన వెనక కూర్చునేది ఇంట్లోవాళ్లే. గతుకులో చక్రం ఎగిరితే ముందుగా ఆ దెబ్బ తగిలేది వాళ్ల నడుముకే. వర్క్‌షాప్‌లో స్పానర్ పట్టి బతికినవాడిగా, ఎన్నో జతలు విప్పి బిగించిన అనుభవంతో, నాకు తెలిసింది వరుసగా రాస్తున్నాను. అన్నిటి సారం ఒక్కటే: షాక్‌లను కొలిచి గుర్తుపట్టాలి, బండి మోసే బరువును బట్టి పోల్చుకోవాలి. రంగు, రూపం, డబ్బా మీద పేరు ఆ తర్వాతి సంగతి.

1. షాక్ ఉన్నది టైరును రోడ్డు మీద నిలపడానికి

ఒకప్పుడు చాలా మోటార్ సైకిళ్లకు వెనక చక్రాన్ని నేరుగా ఫ్రేముకే బిగించేవారు. సీటు కింద ఉండే స్ప్రింగులే దిక్కు. ఇంగ్లండ్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు 1948-49లో వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే స్వింగ్ ఆర్మ్, రెండు షాక్‌లతో బుల్లెట్‌ను తెచ్చారు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, అదే బండి మన రోడ్లకు చేరింది. దానివల్ల వచ్చిన అసలు లాభం పట్టు. చక్రం ఎగుడుదిగుళ్ల వెంట పైకీ కిందికీ ఆడుతుంది, టైరు నేలను వదలదు.

షాక్‌లో రెండు భాగాలు కలిసి ఉంటాయి. బయట కనిపించే స్ప్రింగ్ బరువు మోస్తుంది. లోపల ఆయిల్‌లో కదిలే పిస్టన్ ఆ స్ప్రింగ్ ఊగుడును ఆపుతుంది. దీన్నే డ్యాంపర్ అంటాం. స్ప్రింగ్ బాగుండి డ్యాంపర్ చచ్చిపోతే బండి గుంత దాటాక కూడా ఊగుతూనే ఉంటుంది, బ్రేకు వేసినప్పుడు వెనక టైరు తడబడుతుంది. డ్యాంపర్ బాగుండి స్ప్రింగ్ కుంగిపోతే ప్రతి గుంతకీ అడుగు తగులుతుంది. ఏ జతను చూసినా ఈ రెండింటినీ విడివిడిగా పరీక్షించాలి. ఒకటి బాగుందని రెండోదాన్ని నమ్మకూడదు.

2. తప్పు నిజంగా షాక్‌దేనా తేల్చుకోండి

"షాక్‌లు పోయాయి" అని వచ్చే బండ్లలో కొన్నిటికి షాక్‌లు బాగానే ఉంటాయి. టైరులో గాలి మరీ ఎక్కువైతే బండి ఎగురుతుంది. స్వింగ్ ఆర్మ్ బుష్‌లు అరిగితే మలుపులో వెనక భాగం పక్కకు జారినట్టు అనిపిస్తుంది. చక్రం బేరింగు పోయినా దాదాపు అదే బాధ.

బండిని మెయిన్ స్టాండ్ మీద నిలపండి. స్వింగ్ ఆర్మ్ వెనక చివర పట్టుకుని కుడికీ ఎడమకీ ఊపండి. ఆడితే బుష్ పోయినట్టు. చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. స్వింగ్ ఆర్మ్ కదలకుండా చక్రం ఒక్కటే ఆడితే బేరింగు సంగతి చూడాలి. చక్రాన్ని నిలువుగా పైకి ఎత్తి వదిలినప్పుడు "టక్" మంటే షాక్ కన్నుల్లోని, అంటే రెండు చివర్లా బోల్టు దూరే రంధ్రాల్లోని, రబ్బరు బుష్‌లు అరిగాయేమో చూడండి. వాటి ఖర్చు కొత్త జత ఖర్చు ముందు ఏపాటిది?

ఇవన్నీ సరిగా ఉంటే అప్పుడు స్టాండ్ దించి సీటు వెనక భాగాన్ని రెండు చేతులతో బలంగా నొక్కి వదలండి. ఒక్కసారి లేచి కుదురుకోవాలి. రెండు మూడుసార్లు ఊగితే డ్యాంపర్ పనైపోయింది.

3. ఇప్పుడున్నవి అసలు షాక్‌లని నమ్మకండి

పాత బండి చాలా చేతులు మారి వస్తుంది. మధ్యలో ఎవరు ఏ బండి షాక్‌లు తగిలించారో ఎవరికీ తెలియదు. అందుకే పాతదాన్ని నమూనాగా కౌంటర్ మీద పెట్టి "ఇలాంటివే ఇవ్వండి" అని అడిగితే, ఎప్పుడో జరిగిన తప్పునే మళ్లీ కొనుక్కున్నట్టవుతుంది.

ముందు షాక్ ఒంటిని కిరోసిన్ గుడ్డతో శుభ్రంగా తుడవండి. కింది కన్ను దగ్గరా, డ్యాంపర్ గొట్టం మీదా గుచ్చిన అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. తయారీదారు గుర్తు, పార్ట్ నంబరు, కొన్నిటికి నెల, సంవత్సరం కూడా ఉంటాయి. స్ప్రింగ్ మీద చిన్న రంగు చుక్క ఉంటే దాన్ని రాసుకోండి. ఫ్యాక్టరీలో స్ప్రింగ్ రకాన్ని వేరుచేయడానికి వేసే గుర్తు అది.

మన దేశంలో బండి కంపెనీలు షాక్‌లను ఎక్కువగా వేరే సంస్థల దగ్గర చేయిస్తాయి. 1961 నుంచి ఉన్న గాబ్రియల్ ఇండియా, 1985లో జపాన్ షోవాతో కలిసి మొదలైన ముంజాల్ షోవా, ఔరంగాబాద్‌లో మొదలైన ఎండ్యూరెన్స్ అలాంటివి. వీటిలో ఒక్కొక్కటి ఎన్నో రకాల బండ్లకు వేర్వేరు షాక్‌లు చేస్తుంది. పేరు ఒకటే అయినంత మాత్రాన షాక్ ఒకటే కాదు. పేరు చూసి సంతృప్తి పడకుండా పార్ట్ నంబరు దాకా వెళ్లాలి. నంబరు అరిగిపోతే ఇక మిగిలిన దారి కొలత.

4. పొడవును కన్ను నుంచి కన్నుకు కొలవండి

షాక్ పొడవంటే పై బోల్టు నడిమధ్య నుంచి కింది బోల్టు నడిమధ్య దాకా ఉన్న దూరం. పైనుంచి కింది దాకా మొత్తం ఎత్తు కొలిచి తెచ్చేవాళ్లకు ఎప్పుడూ తప్పు జతే దొరుకుతుంది.

రంధ్రం నడిమధ్య ఎక్కడో కంటితో పోల్చుకోవడం కష్టం. దానికి వర్క్‌షాప్ చిట్కా ఒకటుంది. టేపును పై రంధ్రం పై అంచున పెట్టి, కింది రంధ్రం కూడా పై అంచు దాకానే కొలవండి. రెండు రంధ్రాల సైజు ఒకటే అయితే మధ్య నుంచి మధ్యకు ఎంతో సరిగ్గా అంతే వస్తుంది. సైజులు వేరైతే తేడాలో సగం సరిచేసుకోవాలి. పై రంధ్రం 14 మి.మీ., కిందిది 10 మి.మీ. అనుకుందాం. తేడా 4, సగం 2. పై అంచు నుంచి పై అంచుకు వచ్చిన కొలతలో ఆ 2 మి.మీ. తీసేస్తే అసలు పొడవు వస్తుంది. పై రంధ్రం చిన్నదై కిందిది పెద్దదైతే 2 కలపాలి.

ఈ కొలత షాక్‌ను విప్పి, బరువు లేకుండా తీసుకోవాలి. బండికి ఉండగానే కొలవాలంటే మెయిన్ స్టాండ్ మీద చక్రం పూర్తిగా గాల్లో వేలాడాలి. రెండు షాక్‌లనూ కొలవండి. ఒకటి పొట్టిగా తేలితే దాని స్ప్రింగ్ కుంగిందో, రాడ్ వంగిందో, లేక రెండూ వేర్వేరు జతల నుంచి వచ్చాయో.

5. అర అంగుళమే కదా అనుకోవద్దు

ఆర్‌ఎక్స్ 100 ఒకటి నా దగ్గరికి వచ్చింది. ఎర్ర స్ప్రింగులు, మెరిసే గ్యాస్ డబ్బాలతో కొత్త షాక్‌లు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మెయిన్ స్టాండ్ వేసినా వెనక చక్రం నేల నుంచి లేవడం లేదు. సైడ్ స్టాండ్ వేస్తే బండి మరీ వాలిపోతోంది. చైన్ స్వింగ్ ఆర్మ్ మీదుండే రబ్బరును కోసుకుంటూ పోతోంది. తిన్నగా పోతున్నా హ్యాండిల్ తేలికైపోయి చేతుల్లో ఆడుతోందని ఆ అబ్బాయి చెప్పాడు. ఇన్ని జబ్బులకూ కారణం ఒక్కటే. షాక్‌లు అసలు పొడవు కన్నా ఎక్కువున్నాయి.

లెక్క చూడండి. రెండు చక్రాల మధ్య దూరం 1250 మి.మీ. ఉన్న బండిని వెనక 25 మి.మీ. పైకి లేపితే బండి మొత్తం ఒక డిగ్రీకి పైగా ముందుకు ఒరుగుతుంది. ముందు ఫోర్కు అంత మేరా నిలువుగా మారుతుంది. ఊళ్లో తిరిగేటప్పుడు చురుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది, హైవే మీద వేగం పెంచితే నిలకడ తప్పుతుంది.

పొట్టి షాక్‌ల ప్రమాదం వేరు. గుంతలో పూర్తిగా దిగినప్పుడు టైరు మడ్‌గార్డ్‌ను, కొన్ని బండ్లలో దాని కింది వైర్లనూ రాసుకుంటుంది. అసలు పొడవుకు 5 మి.మీ. అటూ ఇటూ అయితే పెద్దగా బాధ లేదు. 10 మి.మీ. దాటితే స్టాండూ, చైనూ, మడ్‌గార్డూ అన్నీ సరిచూసుకోకుండా రోడ్డెక్కకండి.

6. చివరలు చూడనివాడు రెండుసార్లు బజారుకు వెళ్తాడు

పొడవు కుదిరాక కన్నులు చూడాలి. బోల్టు దూరే ఇనుప బుష్ లోపలి వ్యాసం, ఆ బుష్ వెడల్పు, రెండూ కొలవండి. 10 మి.మీ. పిన్నుకు 12 మి.మీ. బుష్ తొడిగి, మధ్యలో రేకు చుట్టి సర్దేవాళ్లను చూశాను. ఆ రేకు కొద్ది రోజుల్లోనే నలిగిపోతుంది, తర్వాత పిన్ను అరగడం మొదలవుతుంది. పిన్ను ఫ్రేముకు వెల్డింగ్ చేసి ఉంటుంది గనుక అరిగితే ఖర్చు షాక్ ధరతో ఆగదు. సరైన సైజు బుష్‌ను లేత్ మీద చేయించుకోవడం తేలికైన పని. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ పుత్లీబౌలి చుట్టుపక్కల వర్క్‌షాపుల్లోనో పాత బుష్, పిన్ను కొలత చూపిస్తే చేసిపెడతారు.

కొన్ని షాక్‌లకు కింద గుండ్రటి కన్ను ఉండదు. రెండు చెవుల మధ్య స్వింగ్ ఆర్మ్ లగ్గు దూరేలా ఉంటుంది. అలాంటిది కన్ను రకం బండికి పడదు, కన్ను రకం దీనికి పడదు. షాక్ లావు కూడా చూడండి. లావాటి స్ప్రింగ్ చైన్ కవర్‌కో, సైలెన్సర్‌కో తగిలే బండ్లు ఉన్నాయి. వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో విప్పే ముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆ వాషర్లే షాక్‌ను తిన్నగా నిలబెడతాయి.

7. స్ప్రింగ్ గట్టిదనం తీగ మందంలో ఉంది

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం. పక్కపక్కన పెడితే ఒకేలా కనిపించే రెండు స్ప్రింగుల బలం సగానికి సగం తేడాగా ఉండొచ్చు. కారణం తీగ మందం. చుట్ట వెడల్పు, చుట్ల సంఖ్య ఒకటే అయినప్పుడు స్ప్రింగ్ గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 7 మి.మీ. తీగ బదులు 8 మి.మీ. తీగ వాడితే మందం పెరిగింది ఏడో వంతు, గట్టిదనం పెరిగింది 70 శాతం. అందుకే వెర్నియర్‌తో కొలవాలి. పెయింటు మందంగా ఉన్నచోట కొలిస్తే మోసపోతాం. రెండు పాయింట్ల తేడా, అంటే 0.2 మి.మీ. పెయింటు కూడా లెక్కను 12 శాతం దాకా తప్పిస్తుంది. రంగు లేచిన చోటే పట్టి చూడండి.

తర్వాత చుట్లు లెక్కపెట్టండి. పైనా కిందా ఒకదానికొకటి ఆనుకుని ఉండే చివరి చుట్లు పని చేయవు, మధ్యలో ఖాళీగా ఉన్నవాటినే లెక్కించాలి. చుట్లు తగ్గితే స్ప్రింగ్ గట్టిపడుతుంది. చుట్ట వెడల్పు పెరిగితే మెత్తబడుతుంది, అదీ బాగా మెత్తబడుతుంది. 7 మి.మీ. తీగ, 50 మి.మీ. సగటు చుట్ట వెడల్పు, 14 పనిచేసే చుట్లు ఉన్న స్ప్రింగ్ ఒక మిల్లీమీటరు కుంగడానికి సుమారు 1.4 కిలోల బరువు కావాలి. జతకు 2.8 కిలోలు. వెనక 65 కిలోల మనిషి ఎక్కితే ఆ జత దాదాపు ఒక అంగుళం కుంగుతుంది.

కొన్ని స్ప్రింగులకు ఒక చివర చుట్లు దగ్గరగా, మరో చివర దూరంగా ఉంటాయి. దగ్గరి చుట్లు బరువు పడ్డప్పుడు ముందే ఒకదానికొకటి ఆనుకుంటాయి. అక్కడి నుంచి స్ప్రింగ్ గట్టిపడుతుంది. ఒంటరిగానూ, భార్యాపిల్లలతోనూ తిరిగే బండికి ఈ రకం బాగా నప్పుతుంది.

8. ఎవరి బరువుకు తగ్గ జత వాళ్లది

పాలు పోసే ఒకాయన సీడీ 100 వెనక రెండు క్యాన్లు కట్టుకుని రోజూ పల్లె నుంచి పట్నం వచ్చేవాడు. నలభై లీటర్ల క్యాన్లు రెండంటే పాలే 80 కిలోలకు పైన. ఆ బరువుకు తగ్గట్టు లావు తీగ షాక్‌లు వేయించుకున్నాడు, అది సరైన నిర్ణయమే. తిరుగుప్రయాణంలో క్యాన్లు ఖాళీ. అప్పుడు అదే బండి కంకర రోడ్డు మీద వెనక చక్రం ఎగిరెగిరి పడుతూ పోయేది. అతనికి ఉన్న దారి, ఖాళీగా వచ్చేటప్పుడు ప్రీలోడ్ (స్ప్రింగ్ కింద రింగు మెట్టు) తగ్గించి, వేగమూ తగ్గించుకోవడం. అతను అలాగే చేసేవాడు.

అదే జతను చూసి "గట్టి షాక్‌లు మంచివి" అనుకుని పక్కింటి కుర్రాడు కూడా వేయించుకుంటే అతనికి దక్కేది నడుం నొప్పే. గట్టి స్ప్రింగ్ మంచిదీ కాదు, మెత్తనిది చెడ్డదీ కాదు. షాపులో అడిగేటప్పుడు బండి పేరుతో పాటు మీ బరువు, వెనక ఎక్కేవాళ్ల బరువు, రోజూ మోసే సామాను కూడా చెప్పండి. ఆ మాట విని ఆలోచించి ఇచ్చేవాడి దగ్గరే కొనండి.

9. డ్యాంపర్‌ను చేతితో మాట్లాడించండి

సెకండ్ హ్యాండ్ జత కొనేటప్పుడు డ్యాంపరే కీలకం. స్ప్రింగ్ తీసి చూడగలిగితే మంచిది. దానికి స్ప్రింగ్ కంప్రెసర్ ఉన్న షాపుకే వెళ్లండి. తాళ్లు కట్టీ, కాలితో తొక్కీ తీయబోతే నొక్కిపెట్టిన స్ప్రింగ్ ఎగిరి ముఖం పగులుతుంది.

చాలాకాలం పడుకోబెట్టి ఉంచిన ఆయిల్ షాక్‌లో గాలీ ఆయిలూ కలిసిపోయి ఉంటాయి. అందుకని ముందు దాన్ని నిలబెట్టి, ఆయిల్ గొట్టం కిందికి, రాడ్ పైకి ఉండేలా పట్టుకుని ఐదారుసార్లు నిండుగా నొక్కి లాగండి. అప్పుడు పరీక్ష మొదలుపెట్టండి. నొక్కేటప్పుడు ఒకే రకమైన అడ్డు తగలాలి. లాగేటప్పుడు అంతకంటే ఎక్కువ అడ్డు తగలాలి. మధ్యలో ఎక్కడైనా "జర్రున" ఖాళీగా జారితే ఆయిల్ తగ్గిందనో, వాల్వు పోయిందనో అర్థం. రెండు షాక్‌లనూ రెండు చేతులతో పట్టుకుని ఒకేసారి పోల్చి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

రాడ్‌ను వెలుతురులో తిప్పి చూడండి. గోరుతో పైనుంచి కిందికి గీస్తే ఎక్కడా తట్టుకోకూడదు. తుప్పు గుంత ఒక్కటి ఉన్నా సీల్‌ను కోసేస్తుంది. సీల్ దగ్గర పల్చటి తడి మరకకు భయపడక్కర్లేదు. గొట్టం వెంట కారి దుమ్ము పట్టిన జిడ్డు చారలుంటే ఆ షాక్ పనైపోయినట్టే.

బండికి ఉన్నవాటినైతే ఇంకోలా చూడొచ్చు. కంకర రోడ్డు మీద కొంతదూరం నడిపి ఆపి, రెండు డ్యాంపర్లనూ తాకండి. పనిచేసే డ్యాంపర్ కుదుపును వేడిగా మారుస్తుంది, కాబట్టి వెచ్చబడుతుంది. ఒకటి వెచ్చగా, మరొకటి చల్లగా ఉంటే చల్లగా ఉన్నది పని మానేసింది. సైలెన్సర్ వైపు షాక్‌కు దాని వేడి కూడా తగులుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

10. గ్యాస్ డబ్బాను చూసి మురిసిపోకండి

ఆయిల్ షాక్ గతుకుల్లో ఎక్కువసేపు పనిచేస్తే లోపల ఆయిల్ గాలితో కలిసి నురగ కడుతుంది. నురగకు అడ్డుకునే శక్తి లేదు. గ్యాస్ షాక్‌లో నైట్రోజన్‌ను ఒత్తిడితో నింపుతారు. ఆ ఒత్తిడి వల్ల నురగ పుట్టడం బాగా తగ్గుతుంది. దూర ప్రయాణాలకు, ఘాట్ రోడ్లకు, బరువు మోసే బండ్లకు అది నిజంగా ఉపయోగమే. బజాజ్ పల్సర్ల మీద నైట్రాక్స్ అని రాసి వచ్చినవీ, 2009 తర్వాత వచ్చిన ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ షాక్‌లూ ఈ కోవవే.

మార్కెట్లో దొరికే చవక రకాల్లో మాత్రం షాక్ పక్కన కనిపించే గ్యాస్ డబ్బా ఉత్త అలంకారం. పైన పటారం, లోన లొటారం. నిజమైన గ్యాస్ షాక్ స్ప్రింగ్ తీసి రాడ్‌ను నొక్కి వదిలితే దానంతటదే మెల్లగా బయటికి వస్తుంది. రాకపోతే లోపల ఒత్తిడి లేదు.

ఒక జాగ్రత్త. గ్యాస్ షాక్‌కు డ్రిల్లు పెట్టడం, వెల్డింగ్ చేయడం, వేడి చేయడం ప్రాణాంతకం. పాత ఆయిల్ షాక్‌లు రీకండిషన్ చేసేవాళ్లు గొట్టానికి రంధ్రం పెట్టి ఆయిల్ పోసి వెల్డింగ్‌తో మూసేస్తుంటారు. వెల్డింగ్ వేడికి సీల్ కాలిపోతే ఆ పని కొద్ది నెలలు కూడా ఆగదు. ఇంజన్ ఆయిల్ పోస్తే షాక్ బిగుసుకుపోయినట్టవుతుంది, చక్రం గతుకు వెంట కదలదు. విప్పడానికి వీలుగా మర వేసి ఉన్న షాక్‌కు సరైన సీల్, సరైన షాక్ ఆయిల్ వేయించండి, అది నిలబడుతుంది. విప్పే వీలు లేకుండా నొక్కి మూసినదానికి కొత్త జతే మేలు.

11. ప్రీలోడ్ మెట్లు గట్టిదనం పెంచవు

స్ప్రింగ్ కింద మెట్లు మెట్లుగా తిరిగే రింగు ఉంటుంది. బండిని బట్టి మూడు మెట్లో, ఐదు మెట్లో. సి ఆకారం స్పానర్‌తో తిప్పుతాం. పై మెట్టులో పెడితే స్ప్రింగ్ గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. స్ప్రింగ్ గట్టిదనం అలాగే ఉంటుంది, బండి ఎత్తు మాత్రం పెరుగుతుంది. బరువెక్కినప్పుడు కుంగిన ఎత్తును తిరిగి తేవడానికే ఆ మెట్లు.

సరైన మెట్టు కనుక్కోవడానికి మూడు కొలతలు చాలు. వెనక ఇరుసు మధ్య నుంచి నేరుగా పైన సీటు అంచున ఒక గుర్తు పెట్టుకోండి. స్టాండ్ మీద చక్రం గాల్లో ఉండగా ఆ దూరం 500 మి.మీ. వచ్చిందనుకుందాం. స్టాండ్ దించి ఖాళీ బండిని కొలిస్తే 490. మీరు కూర్చున్నాక మరొకరు కొలిస్తే 474. అంటే మీ బరువుతో కుంగినది మొత్తం 26 మి.మీ. చక్రం మొత్తం కదలిక 80 మి.మీ. అయితే ఇది మూడో వంతుకు దగ్గర, సరిగ్గా ఉన్నట్టే. అన్ని మెట్లూ ఎక్కించినా 40 దాటుతుంటే స్ప్రింగ్ మీకు మెత్తన. అన్నిటికన్నా కింది మెట్టులోనూ 15కు మించకపోతే స్ప్రింగ్ మీకు గట్టిది.

రెండు వైపులా ఒకే మెట్టు ఉండాలి. ఒకవైపు రెండో మెట్టు, మరోవైపు నాలుగో మెట్టు ఉన్న బండ్లు చూశాను. అలా ఉంటే స్వింగ్ ఆర్మ్ మీద మెలిక పడుతుంది, బుష్‌లు ఒక పక్కకే అరుగుతాయి.

12. జతగా మార్చండి, ఒక్కొక్కటిగా విప్పండి

ఒక షాక్ పోతే రెండూ మార్చాలి. కొత్తదీ పాతదీ కలిసి ఒకేలా పనిచేయవు. విప్పేటప్పుడు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి. రెండూ ఒకేసారి తీస్తే చక్రం, స్వింగ్ ఆర్మ్ కిందికి పడి బ్రేకు రాడ్డూ చైనూ లాగుతాయి.

నట్లను ముందు చేతి బిగువుతో పెట్టి, బండిని స్టాండ్ దించి నేల మీద నిలబెట్టాక చివరి బిగింపు ఇవ్వండి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్ మెలితిరిగిన స్థితిలో ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. చైన్ వదులు మళ్లీ సరిచూడండి. వెనక ఇద్దరిని కూర్చోబెట్టి టైరుకీ మడ్‌గార్డ్‌కీ మధ్య ఎంత ఖాళీ మిగిలిందో వంగి చూడండి. మొదటి 100 కిలోమీటర్ల తర్వాత నట్లన్నీ మరోసారి బిగించండి.

13. ఏది ఎంచుకోవాలి?

నా తీర్పు ఇది. మీ బండి అసలు షాక్‌లు దొరికి, రాడ్ శుభ్రంగా ఉండి, విప్పే వీలుంటే వాటికి సీల్, ఆయిల్, బుష్‌లు మార్పించి వాడండి. అంతకన్నా మంచిది లేదు. అవి దొరకకపోతే పేరున్న తయారీదారు మీ మోడల్‌కే చేసిన జత తీసుకోండి. అదీ దొరకనప్పుడు మాత్రమే వేరే బండి జతకు వెళ్లండి. అప్పుడు పొడవు, కన్నులు, తీగ మందం, చుట్లు, మీ బరువు, ఈ వరుసలో ఒక్కొక్కటీ సరిపోల్చండి. ఒక్కటి కుదరకపోయినా ధర ఎంత తక్కువైనా వదిలేయండి. ఊరూ పేరూ లేని తళుకుల జతను ఏ ధరకైనా కొనవద్దు.

ఈ వ్యాసం చదివినవాళ్లు ఒక్క పని చేయండి. ఈ ఆదివారం మీ బండి వెనక షాక్‌లను కొలిచి, పొడవు, కన్నుల సైజు, తీగ మందం, చుట్లు, పార్ట్ నంబరు, ఇప్పుడున్న మెట్టు ఒక కాగితం మీద రాసి ఆర్‌సీ పక్కన పెట్టుకోండి. రేపు షాక్ పోయినా, బండి మీ అబ్బాయి చేతికో అమ్మాయి చేతికో వెళ్లినా, షాపు కౌంటర్ దగ్గర ఆ కాగితం చూపించి సరైన జత అడగగలుగుతారు.